బాల్‌కెర్న్ వారి చేతికర్ర

పదకొండో భాగం

జరిగింది గుర్తు చేసుకోవాలంటే సోమవారం సాయంత్రం దగ్గరికి వెళ్ళాలి. కళ్ళ డాక్టరు పంపిన కాగితం ప్రింట్ తీద్దామని సాత్విక మామగారి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద ఒక మెయిల్ తెరిచే ఉంది. ఒకరి ఉత్తరం చదవకూడదని తెలిసీ చివరిదాకా చదివింది.

కాల్గరీ నుంచి ఫెర్గస్ రాసిన మెయిల్ అది. మామగారికి అతను స్వయానా చిన్నాన్న కొడుకు. "హ్యూ, ఈ శనివారం ఆటల్లో చేతికర్ర మా అబ్బాయి లాక్లన్ పట్టుకుంటే బాగుంటుంది. వాడికి పదహారేళ్ళు వచ్చాయి. రిషిత బంగారంలాంటి పిల్ల. కాని పెంచుకున్న పిల్లకి బిరుదు రాదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ పిల్లకి మాత్రమే తెలియదు. క్యాలమ్ పోయినప్పుడు ఈ మాట ఎత్తలేకపోయాను. నాలుగేళ్ళు ఆగాను. ఇంకా ఆగితే ఆ పిల్లకే ఎక్కువ దెబ్బ."

ఆ మాటలు కడుపులో పెట్టుకుని సాత్విక మూడు రోజులు తిరిగింది. ఇవాళ గురువారం. ఆటలు ఎల్లుండి.

ఆమె మామగారు హ్యూ మెక్‌ఫెయిల్, కెనడాలో హామిల్టన్ ఉక్కు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. పదకొండేళ్ళ క్రితం స్కాట్లండ్‌లో ఆయన పెదనాన్న పిల్లల్లేకుండా పోయాడు. అప్పటికి తండ్రి కూడా లేడు కాబట్టి, ఒక ఉదయం ఇంటి ముందు మంచు తోసుకుంటున్న హ్యూ చేతిలో పోస్టు మనిషి ఒక కవరు పెట్టి వెళ్ళాడు. ఆ కవరుతో ఆయన పద్నాలుగో బాల్‌కెర్న్ ప్రభువు అయ్యాడు. కోట లేదు, భూమి లేదు. ఎప్పుడో అమ్ముడుపోయిన కొండ మీద ఒక సగం గోడ ఉంది, దాని నీడన ఎవరివో గొర్రెలు పడుకుంటాయి. మిగిలింది పేరు, ఆ పేరుతో పాటు పెట్టెలో వచ్చిన ఒక చేతికర్ర.

రోవన్ చెట్టు కొమ్మతో చేసిన కర్ర, పిడి పొట్టేలు కొమ్ము. ఆ కర్రను ప్రభువు తన చేత్తో పట్టుకుని నడవకూడదని వాళ్ళ ఆనవాయితీ. నలుగురిలో నడిచేటప్పుడు ఆయన చేతులు ఖాళీగా ఉండాలి. కర్ర పట్టుకుని కుడిపక్కన వారసులు నడవాలి. కాలు తడబడితే ఆయన వారసుల భుజం పట్టుకోవాలే తప్ప కర్ర మీద ఆనకూడదు. ఏటా ఆగస్టులో ఊరి బయట పార్కులో జరిగే హైలాండ్ గేమ్స్ అనే స్కాట్లండ్ ఆటల పండగలో బాల్‌కెర్న్ వంశం వాళ్ళు ముప్పై నలభై మంది జెండా వెనక నడుస్తారు. ముందు ప్రభువు, పక్కన కర్ర. మొదట్లో ఆ కర్ర క్యాలమ్ చేతిలో ఉండేది. క్యాలమ్ ఆయన ఒక్కగానొక్క కొడుకు, సాత్విక భర్త. నాలుగేళ్ళ క్రితం కిచెనర్‌లోని ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ హైవే మీద కారు ప్రమాదంలో పోయాడు. ఆ ఏడు నుంచి కర్ర వాళ్ళు పెంచుకున్న కూతురు రిషిత చేతిలోకి వచ్చింది. అప్పుడు దానికి ఏడేళ్ళు. కర్ర దానికంటే పొడుగు.

మధ్యాహ్నం మూడున్నరకి హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ ముగించుకుని సాత్విక ఇంటికి వచ్చేసరికి గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల్నుంచి అవిసె నూనె వాసన. హ్యూ బోర్లించిన పాల బుట్ట మీద కూర్చుని, పాత సాక్సు చేతికి తొడుక్కుని కర్రకు నూనె పడుతున్నాడు. డెబ్బై ఏడేళ్ళ మనిషి. పొడుగాటి మొహం, మధ్యలో వంపు తిరిగిన పెద్ద ముక్కు. "ఇది బాల్‌కెర్న్ ముక్కు. మూడో ప్రభువు బొమ్మలో చూడు, అచ్చం ఇదే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు.

సాత్విక తలుపు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, హ్యాండ్‌బ్యాగ్ భుజాన ఉండగానే అంది.

"మావయ్యా, ఫెర్గస్ మెయిల్ చదివాను."

ఆ ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. 'మావయ్యా' అన్న పిలుపొక్కటే తెలుగు. కోడళ్ళు అలా పిలుస్తారని పెళ్ళయిన కొత్తలో క్యాలమ్ చెబితే, ఆయన పట్టుబట్టి మరీ అలవాటు చేయించుకున్నాడు.

హ్యూ చెయ్యి ఆగలేదు. కర్రను పైనుంచి కిందికి ఒకసారి పూర్తిగా తుడిచి, అప్పుడు అడిగాడు.

"ఎప్పుడు?"

"సోమవారం."

"అందుకా మూడ్రోజుల్నుంచి నా టీలో పంచదార లేదు?"

"మీ షుగర్ కోసం తగ్గించాను."

"ఆదివారం దాకా లేని షుగరు."

వేరే రోజైతే నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. ఆమె నవ్వలేదని చూసి ఆయన సాక్సు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నిజమేనా అది?" అంది.

"నిజమే. మా బిరుదు ఆడపిల్లకి రావచ్చు. ఏడో ప్రభువు మార్జొరీ అనే ఆవిడ. అది నేను కల్పించింది కాదు. కాని రక్తం ఉండాలి. పెంచుకున్న పిల్లకి ఇల్లు వస్తుంది, ఇంటిపేరు వస్తుంది, అన్నీ వస్తాయి. అదొక్కటీ రాదు."

"మీకెప్పుడు తెలుసు?"

"పిల్ల ఈ ఇంట్లో అడుగుపెట్టక ముందే."

"క్యాలమ్‌కి?"

ఆయన కర్ర పిడి వైపు చూశాడు. "తెలుసు."

పోయిన మనిషి మీద కొత్తగా కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. గోడకి క్యాలమ్ సైకిలు ఇంకా వేలాడుతోంది. దాని వైపు చూడకుండా పక్కకి తిరిగింది.

"ఇద్దరికీ తెలుసు. నాకు చెప్పలేదు. తొమ్మిదేళ్ళు."

"చెబుదామనే అనుకున్నాం. ఇంతలో మీ అమ్మగారు హోమం పెట్టించారు."

ఆ హోమం సాత్వికకి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. విశాఖపట్నం శిశుగృహం నుంచి రెండేళ్ళ రిషితను తెచ్చుకున్న నెలలోనే కాకినాడ నుంచి తల్లి ఈశ్వరమ్మ వచ్చింది. కోర్టు కాగితాలు చూపిస్తే పక్కన పెట్టేసింది. "అవి గవర్నమెంటు కోసం. మన కోసం దత్తహోమం జరగాలి. అప్పుడే పిల్ల ఆ వంశానిది అవుతుంది" అంది. వారమంతా బ్యాంకులో పనిచేసి శనాదివారాలు పురోహితం చేసే భరద్వాజ్ గారిని మిస్సిసాగా నుంచి పిలిపించింది. ఆడపిల్లకి ఈ తంతు ఎక్కడుందమ్మా అని ఆయన నసిగితే, వాళ్ళ వంశంలో ఏడో తరం ఆడదేనట, మీరు కానివ్వండి అని నోరు మూయించింది. స్మోక్ అలారం మోగకుండా దానికి షవర్ క్యాప్ తొడిగారు. పంచె మీద బెల్టు పెట్టుకుని, వంశానికి పెద్దగా హ్యూ పీట మీద కూర్చున్నాడు. పిల్లను ఆయన ఒళ్ళో పెట్టారు. అప్పుడు భరద్వాజ్ గారు గోత్రమూ ప్రవరా చెప్పమన్నారు.

"ప్రవర అంటే ఏమిటని అడిగాను" అన్నాడు హ్యూ. "మీ వంశంలో పెద్దల పేర్లు, వాళ్ళ నుంచి నువ్వు, నీ నుంచి ఈ పిల్ల, అని చెప్పాడాయన. నాకు తెలిసిన పేర్లు అవే కదా. మొదటి రాబర్ట్ దగ్గర్నుంచి మొదలుపెట్టి పద్నాలుగూ చెప్పాను. ఒళ్ళో పిల్ల నా ముక్కు పట్టుకుని కూర్చుంది. చివర్న దాని పేరు చెప్పమన్నాడు. చెప్పాను. అందరూ అక్షింతలు వేశారు. నిప్పు ముందు, నలభై మంది ముందు చెప్పిన మాట. మర్నాడు కాఫీ తాగుతూ అది చెల్లదని ఎలా చెప్పను? క్యాలమ్, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత చెబుదాంలే అనుకున్నాం."

"తర్వాత ఆ పద్నాలుగు పేర్లూ దానికి నేర్పారు."

"అదే నేర్చుకుంది. రోజూ అడిగేది."

"ఏడో ఆవిడలాగే నువ్వూ అవుతావని కూడా అదే నేర్చుకుందా?"

ఆయన నూనె సీసా మూత బిగించాడు.

"మావయ్యా, నాకు ఆ బిరుదుతో పనేముంది? కాకినాడలో మా నాన్న స్కూల్ మాస్టారు. కాని నాలుగేళ్ళుగా పిల్ల ఆ కర్ర పట్టుకుని జెండా ముందు నడుస్తుంటే, వెనక నడిచే వాళ్ళందరికీ తెలుసన్నమాట. తెలియనిది మా ముగ్గురికే. నాకు, అమ్మకి, దానికి. ఎంత మంది నవ్వుకున్నారో!"

"ఒక్కరు కూడా నవ్వలేదు సాత్వికా. నవ్వితే నేను చూసుకునేవాణ్ణి."

"జాలిపడ్డారేమో. అది ఇంకా బాగుంటుంది!"

ఆ మాట ఆయనకి తగిలింది. పెద్ద చేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. అంత పెద్దమనిషిని అలా అన్నందుకు సాత్వికకి బాధ కలిగింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

వంటింటి నుంచి గరాజ్‌లోకి వచ్చే తలుపు దగ్గర స్టీలు పళ్ళెం చప్పుడైంది. చేగోడీల పళ్ళెంతో ఈశ్వరమ్మ నిలబడి ఉంది. అల్లుడు పోయిన దగ్గర్నుంచి ఆవిడ తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద ఇక్కడే ఉంటోంది. వియ్యంకుడి ఇంగ్లీషు ఆవిడకి సగమే అర్థమవుతుంది. ఆ సగం చాలు.

"ఏవిటే, దత్తత చెల్లదంటున్నాడా ఈయన?"

"అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు."

"ఎందుకెళ్తాను? హోమం చేయించింది నేను. ఏ కోర్టు చెల్లదంది? మా పెదనాన్నగారు దత్తుడే. దత్తత ఇచ్చాక ఆయన కన్నతల్లి పోతే పదకొండు రోజుల మైల కూడా పట్టలేదు, తెలుసా? అంత గట్టిది. ఎస్టేటు జమీందార్లే దత్తుల్ని తెచ్చుకుని గద్దెల మీద కూర్చోబెట్టారు. ఎవరైనా ఏమన్నారా? వీళ్ళదేం వంశమే, తెచ్చుకున్న పిల్ల పట్టదట! పద్నాలుగు మంది పట్టినచోట పదిహేనో మనిషి పట్టదా?"

"ఏమంటున్నారు?" అన్నాడు హ్యూ.

సాత్విక క్షణం ఆలోచించింది. "మా దేశంలో అయితే చెల్లేదంటోంది."

"మీ చట్టం మా చట్టం కంటే మంచిదని చెప్పు."

ఆ మాట తెలుగులో చెబితే ఈశ్వరమ్మ కాస్త చల్లబడింది. పళ్ళెం తెచ్చి ఆయన పక్కన పనిముట్ల బల్ల మీద పెట్టింది. "మంచిదైతే మరి పాటించమను. తిననీ ముందు. పొద్దున్నుంచి నూనె వాసన తప్ప ఆ మనిషి కడుపులోకి ఏమీ పోలేదు." వెళ్ళబోతూ మళ్ళీ ఆగింది. "పిల్లకి తెలుసేమోనే. ఆదివారం నుంచి ముద్ద ముట్టడం లేదు. ఇవాళ ఉప్మా కూడా అలాగే ఉంది."

సాత్విక మనసులోనూ అదే ఉంది. తనకంటే ముందే రిషిత ఆ మెయిల్ చూసి ఉంటుంది. ఆ కంప్యూటర్లోనే కదా రోజూ చదరంగం ఆడేది.

"శనివారం పార్కులో ఎవరి నోటి వెంటో వినాల్సిన పని లేదు దానికి" అంది సాత్విక మామగారితో. "ఇవాళే చెప్పాలి. మీరు చెబుతారా, నేను చెప్పనా?"

హ్యూ కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. "మిల్లులో కరిగిన ఉక్కు బానని మనుషుల తలల మీదుగా తీసుకెళ్ళేవాణ్ణి. రోజుకి నలభై సార్లు. చెయ్యి వణికితే కింద పదిమంది పోతారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి వణకలేదు." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. వేళ్ళు సన్నగా ఆడుతున్నాయి. "నా వల్ల కాదమ్మా. 'అయితే నేను నీకేమీ కానా తాతా' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు."

"కాకపోవడమేమిటి? మన ముగ్గురిలో ఎవరికి ఎవరితో రక్తం ఉంది మావయ్యా? నాకు మీతో ఉందా? దానికి నాతో ఉందా? అయినా ముగ్గురం ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం లేదా?"

అనేశాక ఆమెకే ఆశ్చర్యమేసింది. కోపంతో మొదలుపెట్టిన మాట ఎక్కడికో చేరింది. ఇంకా నిలబడితే ఏడుపొస్తుందని గబగబా మెట్లెక్కింది.

రిషిత గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎల్లుండి కోసం పొడుగు సరిపోయిందో లేదో చూడమని అమ్మమ్మ ఇచ్చిన కిల్టు ఒంటి మీదే ఉంది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ కూడా కట్టుకునే ఆ గళ్ళ బట్టని ఈశ్వరమ్మ 'మీ తాత పరికిణీ' అంటుంది. టాబ్లెట్ పక్కన బోర్లా పడుంది. టేబుల్ మీద ఉప్మా ఎండిపోయింది.

సాత్విక పక్కన కూర్చుని పిల్ల జడ చేతిలోకి తీసుకుంది. మెల్లగా విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. మొహం చూడకుండా మాట్లాడాల్సినవి జడ వేస్తూ మాట్లాడటం ఆమెకి అలవాటు.

"నీకొక సంగతి చెప్పాలి కన్నా. తాత కర్ర గురించి."

"ఐ నో, మామ్."

తల్లి తెలుగులో అడిగితే పిల్ల ఇంగ్లీషులో జవాబివ్వడం వాళ్ళకి మామూలే. సాత్విక చేతులు మాత్రం జడలోనే ఆగిపోయాయి.

"ఏం తెలుసు?"

"నాకు రాదు. లాక్లన్‌కి వస్తుంది. అడాప్టెడ్ కిడ్స్‌కి ఇవ్వరు. గ్రేడ్ త్రీలో చూశాను. స్కూల్ లైబ్రరీలో అందరం పెద్దయ్యాక ఏమవుతామో రాయాలి. నేను లేడీ బాల్‌కెర్న్ అని రాద్దామని, ఎలా అవుతారో వెతికాను. ఫస్ట్ పేజీలోనే ఉంది."

"గ్రేడ్ త్రీనా? మూడేళ్ళా?"

"వెటర్నరీ డాక్టర్ అని మార్చి రాశాను."

సాత్విక పిల్లని తన వైపు తిప్పుకుంది. "మరి నాతో చెప్పొచ్చు కదా! తాతతో చెప్పొచ్చు కదా!"

"తాతకి ఇష్టం కదా, మామ్." ఇంత చిన్న విషయం తల్లికి ఎందుకు అర్థం కాదో తెలియనట్టు చూసింది. "అప్పుడే డాడీ పోయారు. తాత ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ పద్నాలుగు పేర్లు అడిగితే మాత్రం మాట్లాడేవాడు. నాకు మొత్తం వచ్చినా కావాలని నైన్త్ దగ్గర తప్పు చెప్పేదాన్ని. అప్పుడు మొదట్నుంచి మళ్ళీ చెప్పేవాడు."

సాత్విక పిల్ల జడ భుజం మీదికి సర్దింది. కింద డెబ్బై ఏడేళ్ళ మనిషి ఈ పిల్ల కోసం దాచాడు. పైన పదకొండేళ్ళ పిల్ల ఆ మనిషి కోసం దాచింది. మధ్యలో తను మూడు రోజులు నిద్ర లేకుండా తిరిగింది.

"నీకు కోపం రాలేదా?"

"ఫస్ట్ వచ్చింది. తర్వాత లాక్లన్‌తో చాట్ చేశాను. హీ ఈజ్ ఓకే. వాడికి అసలు ఇంట్రెస్టే లేదు, కిల్ట్ వేసుకుంటే కాళ్ళు దురదట. ఈ శనివారం సగం దూరం నేను పట్టుకుని, మిగతా సగం వాడికి ఇచ్చేద్దామని ప్లాన్ చేశాం. అందరి ముందు నేనే ఇస్తాను. అప్పుడు తాత నాకు చెప్పక్కర్లేదు."

సాత్విక పిల్ల తలను గుండెకి అదుముకుంది. కడుపులో మూడు రోజుల బరువు దిగిపోయినట్టయింది. ఇంకేముంది, కిందికి వెళ్ళి చెబితే సరిపోతుంది. ఆయన చేగోడీలు తింటాడు, అమ్మ మళ్ళీ ఉప్మా చేస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఉప్మా.

"మూడేళ్ళ క్రితమే తెలిస్తే, ఆదివారం నుంచి ఎందుకు తినడం లేదు?"

రిషిత ఒంట్లో బిగువు ఆమె చేతులకే తెలిసింది. పిల్ల మెల్లగా విడిపించుకుని, బోర్లా ఉన్న టాబ్లెట్‌ని ఇంకాస్త దూరం జరిపింది.

"మామ్, మీ ల్యాబ్‌లో ట్యూబ్స్ మారిపోతాయా?"

"ఏ ట్యూబ్స్?"

"ఎనీ ట్యూబ్స్. ఒకరి పేరు ఇంకొకరి ట్యూబ్ మీద పడుతుందని ఒకసారి చెప్పావు."

"చాలా అరుదు. అందుకే కదా నేనొకసారి, ఇంకొకరు ఒకసారి చూస్తాం. ఎందుకడుగుతున్నావు?"

"క్రిస్‌మస్‌కి ఫెర్గస్ అంకుల్ అందరికీ కిట్స్ పంపించాడు, గుర్తుందా? ట్యూబ్‌లో ఉమ్మి వేసి పంపితే మన పూర్వీకులు ఎక్కడివాళ్ళో చెబుతారు. తాత ఎంత హ్యాపీగా వేశాడో! ట్యూబ్ నిండలేదని నిమ్మకాయ పచ్చడి తలుచుకున్నాడు."

సాత్వికకి గుర్తుంది. ఆ ట్యూబ్ మూత బిగించింది తనే. పేరు రాసింది తనే. రెండుసార్లు సరిచూసింది, అలవాటు కొద్దీ.

"ఆ రిజల్ట్స్ ఫెర్గస్ అంకుల్ పేజీలో ఉన్నాయి. లాక్లన్ చూశాడు. ఆదివారం నాకు పంపించాడు. ఫస్ట్ కజిన్స్ అయితే ఎంతో కొంత మ్యాచ్ ఉండాలట కదా?"

"ఎనిమిదో వంతు, అటూ ఇటూగా" అంది సాత్విక. నోరు దానంతటదే జవాబిచ్చింది.

"అంకుల్‌కీ తాతకీ జీరో."

బయట ఎవరిదో గడ్డి కోసే యంత్రం ఆగింది. సాత్విక చెయ్యి చాపింది. రిషిత కాసేపు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చింది. తెర మీద ఫొటో తీసి పంపిన పేజీ. రెండు పేర్లు, మధ్యలో ఒక సున్నా. ఫెర్గస్‌కి మిగతా బాల్‌కెర్న్ వాళ్ళందరితోనూ అంకెలు కలుస్తున్నాయి. స్కాట్లండ్‌లో ఉన్న మేనత్త మనవలతో కూడా. హ్యూ ఒక్కడితోనే కలవలేదు. దూరపు చుట్టరికానికి తక్కువ రావచ్చు. స్వయానా అన్నదమ్ముల పిల్లలకి సున్నా రాదు. హ్యూ తల్లి ఎప్పుడో పోయింది, ఆయన తండ్రి అనుకుంటున్న మనిషీ పోయాడు. అడగడానికి ఎవరూ లేరు.

"అంటే రక్తం లేకపోతే నాకు రాదు. అదే రూల్ అయితే..." రిషిత పూర్తి చేయలేకపోయింది. మూడేళ్ళు బిరుదు పోయిందని ఏడవని పిల్ల ఇప్పుడు కిల్టు అంచుతో కళ్ళు తుడుచుకుంది. "తాత తన ముక్కు గురించి అందరికీ ఎంత చెబుతాడు, మామ్! ఆ లిస్ట్ తాతది. ఆయనకి వేరే ఏమీ లేదు. ప్లీజ్, తాతకి చెప్పకు."

"ఫెర్గస్ ఏం చేస్తానంటున్నాడు?"

"లాక్లన్‌కి తెలీదు. వాళ్ళ డాడీ ఆ పేజీ ప్రింట్ తీసి కోటు జేబులో పెట్టుకున్నాడట. వాళ్ళు నిన్న కాల్గరీ నుంచి వచ్చేశారు. ఇక్కడే పక్కన బర్లింగ్టన్‌లో హోటల్లో ఉన్నారు. నేను అంకుల్‌కి మెసేజ్ పెడదామనుకున్నాను, కర్ర ఇచ్చేస్తాను, ఆ పేపర్ చూపించొద్దు అని. నాలుగుసార్లు టైప్ చేసి డిలీట్ చేశాను."

సాత్విక ఏదో అనబోయింది. అంతలో మెట్ల మీద చప్పుడైంది. టక్. ఆగి, ఒక అడుగు. మళ్ళీ టక్.

ఈ ఇంట్లో ఆ చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు. హ్యూ ఆ కర్ర మీద ఆనుకుని మెట్లెక్కుతున్నాడు.

రిషిత టాబ్లెట్ లాక్కుని దిండు కింద దూర్చింది. మొహం భుజానికి తుడుచుకుంది. సాత్విక అసంకల్పితంగా సగం వేసిన జడ అందుకుంది. తలుపు తెరుచుకుంది. ఆయన కొంచెం ఆయాసపడుతున్నాడు. చేతులకి నూనె ఇంకా అలాగే ఉంది. మొహం మాత్రం, పెద్ద బరువు దింపేసిన మనిషిలా తేటగా ఉంది.

"సాత్వికా, నువ్వన్న మాటలోనే జవాబు దొరికింది నాకు. ఇది నేనే చెప్పాలి, నువ్వు కాదు." మంచం అంచున కూర్చుని కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. "రిషితా, నీకు నేనొక అబద్ధం చెప్పాను. తొమ్మిదేళ్ళ నుంచి చెబుతున్నాను. మొత్తం చెప్పేస్తాను. కాని ఒక్కడినే చెబితే మళ్ళీ ఎక్కడో నసుగుతానని భయమేసింది. అందుకని ఇప్పుడే ఫెర్గస్‌కి ఫోన్ చేశాను."

సాత్విక చేతిలో జడ జారిపోయింది.

"భోజనానికి రమ్మన్నాను, భార్యనీ కొడుకునీ తీసుకుని. శనివారం దాకా ఎందుకు, ఇవాళే అందరం ఒక బల్ల దగ్గర కూర్చుందాం, ఈ ఇంట్లో ఇక దాచేదేమీ ఉండకూడదన్నాను. అతను మంచివాడు, వెంటనే ఒప్పుకున్నాడు. తన దగ్గర కూడా నాకు చూపించాల్సిన కాగితం ఒకటుందన్నాడు. ఇక్కడికి వచ్చాక కూడా చూపించాలా వద్దా అని తేల్చుకోలేకపోయాడట." హ్యూ నవ్వాడు. వారం తర్వాత మొదటిసారి నిండుగా నవ్వాడు. పిల్ల ముక్కు పట్టుకుని మెల్లగా ఊపాడు. "ఏదైనా సరే పట్టుకురా, మా రిషిత ముందే చదువుదాం అన్నాను. బయల్దేరిపోయారు."

రిషిత తల్లి వైపు చూసింది. సాత్విక దిండు వైపు చూసింది.

కింది నుంచి ఈశ్వరమ్మ గొంతు వినిపించింది. "ఒసే సాత్వికా, మీ మావగారు ఎవర్నో భోజనానికి పిలిచాడటగా! ఎంతమందికి పెట్టమంటావే అన్నం?"